నివాసంలో లేనివాడి వాటా

2024 ఏప్రిల్ పదహారు, మంగళవారం, షార్జాలో రోజంతా వాన కురిసింది. మధ్యాహ్నం రెండుంబావుకి కరెంటు పోయింది. బుధవారం ఉదయం మెట్లు దిగి చూస్తే నీళ్ళు ఆరో మెట్టు దాకా ఉన్నాయి. మెట్టు ఎత్తు పదిహేడు సెంటీమీటర్లు. అంటే వీధిలో నూటరెండు సెంటీమీటర్ల నీళ్ళు, మురుగుతో, డీజిలుతో, ఎవరివో చెప్పులతో.

మా భవనం ఇండస్ట్రియల్ ఏరియాకి ఆనుకుని ఉంటుంది. ఆరు అంతస్తులు, అంతస్తుకి నాలుగు ఫ్లాట్లు. అప్పటికి ఇరవై ఒక్క ఫ్లాట్లలో మనుషులున్నారు, మొత్తం ఎనభై ఆరుగురు. నేను మా అమ్మాయితో అయిదో అంతస్తులో ఉంటాను. అమ్మాయి ఒక కంపెనీలో అకౌంటెంటు. కింద దుకాణాల వెనక రెండు గదుల్లో ఒక టైర్ల గ్యారేజీవాళ్ళు తమ పనివాళ్ళను తొమ్మిదిమందిని ఉంచారు. మంగళవారం సాయంత్రం ఆ గదులు మునిగిపోయాయి. వాళ్ళు పరుపులు నెత్తిన పెట్టుకుని మొదటి అంతస్తు వరండాలోకి వచ్చారు. బుధవారం ఎనిమిదిమంది నడుము పైదాకా నీళ్ళలో నడుచుకుంటూ తెలిసినవాళ్ళ క్యాంపుకి వెళ్ళిపోయారు. ఒకడు మిగిలాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై మూడేళ్ళు. పరుపు మోసుకొస్తూ నీళ్ళ అడుగున ఏదో రేకు మీద కాలు వేశాడు. కుడి పాదం అడుగున మూడంగుళాలు తెగింది. షుగరు ఉంది. మందుబిళ్ళలు గదితోపాటే పోయాయి.

పంపు కింద గదిలో ఉండేది, అది మునిగింది. భూమిలోని ట్యాంకులో వీధి మురుగు కలిసింది. మిగిలినవి మేడమీద ఎనిమిది ట్యాంకులు. నేను నాతూర్‌ను వెంటబెట్టుకుని పైకి ఎక్కాను. నాతూర్ అంటే వాచ్‌మన్, బంగ్లాదేశీ, నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. చీపురు కర్రకి గీతలు పెట్టి ఒక్కో ట్యాంకులో ముంచి చూశాం. మొత్తం తొమ్మిది వేల ఆరువందల లీటర్లు. అంతకుముందే జనం కుళాయిలు తిప్పి బిందెలూ బాత్‌టబ్బులూ నింపుకుంటున్నారు. పైనుంచి కిందికి వచ్చే వాల్వులన్నీ కట్టేయించాను. పది నిమిషాల్లో అందరూ మేడమీదికి వచ్చేశారు.

నాలుగో అంతస్తాయన విశాఖపట్నం ఇంజనీరు, భవనంలో అందరికీ పెద్ద. "ఎవరో ఒకరు లెక్క చూడాలండి, లేకపోతే రేపీపాటికి కొట్టుకుంటాం," అన్నాడు. "మేడంగారున్నారు కదా. ఆవిడ లెక్కంటే కంప్యూటర్‌కి కూడా భయం."

నేను లెక్క చూడటం మాత్రమే కాదు, నియమాలు కూడా రాస్తానన్నాను. ఆ నియమాలు నాకు అప్పటికే తెలుసు.

నేను గనుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా దిగాను. 1979లో మా ఆఫీసరు ఒకాయన నీటి హక్కుల మీద ఒక పెద్ద నోటు తయారుచేశాడు. తెల్లదొరల కాలంలో సముద్రం అవతలి వలసల్లో బంగారం దొరికిన చోట్ల పెట్టిన నిబంధనలన్నీ తెప్పించాడు. రెండు వందల పన్నెండు పేజీలు, మూడు కార్బన్ కాపీలతో, నాలుగు నెలల్లో టైపు చేశాను. చేసిన పని మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఆ ప్రదేశాల్లో బంగారం మట్టిలో ఉండేది, మట్టి కడగాలంటే నీళ్ళు కావాలి, కాబట్టి నేల కంటే నీళ్ళకే తగవులు ఎక్కువ. ఎవడి హక్కు పత్రం మీద తేదీ ముందుంటే కరువులో వాడిది ముందు వంతు. నీళ్ళను ఒకే కొలత రంధ్రం గుండా వదిలి కొలవాలి. నేల తీసుకున్నవాడు దాని మీద ఉండి పనిచేయాలి, చేయకుండా వదిలేస్తే హక్కు పోతుంది, వేరేవాడు వచ్చి అడగవచ్చు. తన నీళ్ళు అనుమతి లేకుండా మరొకడికి ఇవ్వకూడదు. తగవు వస్తే వార్డెన్ అనే అధికారి అక్కడికక్కడే తీర్పు చెప్తాడు. వినడానికి కఠినంగా ఉంటాయి గాని, చేతుల్లో పారలున్న వేలమంది మనుషులు వాటిని పట్టుకునే ఒకరినొకరు చంపుకోకుండా బతికారని మా ఆఫీసరు రాశాడు.

ఇంకొక నిబంధన ఉండేది. ఎన్ని హక్కులు ఇచ్చినా, కాలువలో కొంత నీరు ఎవరిదీ కాకుండా అలాగే పారనివ్వాలి. హక్కు లేనివాడు తాగడానికి, వండుకోవడానికి, కడుక్కోవడానికి. ఈ మాట ఇంచుమించు ప్రతి వలస నిబంధనల్లోనూ ఉంది. టైపు చేసింది నేనే, నాకు బాగా గుర్తుంది.

బుధవారం మధ్యాహ్నం నేను రాసిన కాగితంలో ఆ నిబంధన లేదు. మరిచిపోయి కాదు. ఇక్కడ కాలువ లేదు, ట్యాంకులున్నాయి, ట్యాంకులో పారే నీరంటూ ఉండదు అనుకున్నాను. అదనంగా పెడితే అది ఎవరికి ఎంత అని మళ్ళీ పేచీ. కాగితం శుభ్రంగా ఉండాలనుకున్నాను. పది రోజులకు లెక్కగట్టాను. ఫ్లాటుకి రోజుకి నలభై లీటర్లు, తాగేనీళ్ళ ఇరవై లీటర్ల క్యాను కొలతగా రెండు క్యాన్లు. ఇరవై ఒక్క ఫ్లాట్లకి ఎనిమిది వందల నలభై. అద్దె ఒప్పందం తేదీ ప్రకారం వరుస, 2009లో చేరిన ఫ్లాటు ముందు, మాది పదకొండోది. ఉదయం ఏడు నుంచి ఎనిమిది. ఆ గంటలో రానివాడి వాటా, ఇల్లు వదిలి వెళ్ళినవాడి వాటా రద్దు, అది నిల్వకి పోతుంది. ఒకరి వాటా ఇంకొకరికి ఇస్తే మర్నాటి వాటా పోతుంది. వాటా, తాము ఉంటున్న ఫ్లాటుకు మాత్రమే. తగవు వస్తే వార్డెన్ మాటే చివరిది.

ఇంజనీరు అది చదివి, "శభాష్. మీరే మా వార్డెన్," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

గురువారం ఉదయం పంపకం అయ్యాక కిందికి దిగుతుంటే, మొదటి అంతస్తు వరండాలో అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాదానికి బనీను చుట్టి ఉంది.

"అమ్మా, జర రెండు బకెట్ల నీళ్ళియ్యుండ్రి," అన్నాడు. "పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఒకటి. పుండు కడుక్కుంట."

"మీ గది నీళ్ళలో ఉంది కదయ్యా. నివాసంలో ఉన్నవాళ్ళకే వాటా."

"నీళ్ళల్ల ఉన్నదనే గదమ్మా మీదికొచ్చిన."

"గది మీ పేరు మీద ఉందా?"

"కంపెనీది. ముదీర్ ఫోన్ ఎత్తుతలేడు." ముదీర్ అంటే మేనేజరు.

"కంపెనీవాళ్ళ మనుషులు ఎనిమిదిమంది వెళ్ళిపోయారు. గది వదిలేసినట్టే లెక్క."

అతను నవ్వాడు. "బయట సముద్రమంత నీళ్ళున్నయి. రెండు బకెట్లకు అప్లికేషన్ పెట్టాలెనా?"

పైకి వెళ్ళి ఇంజనీరుతో చెప్పాను. నిర్ణయం నాదే అయినా నలుగురి చెవిన వేయడం పద్ధతి. ఆయన టీ తాగుతున్నాడు.

"ఇవాళ బకెట్ ఇస్తే, ఆ ఎనిమిదిమందీ రేపు తిరిగొస్తారండి. తొమ్మిది మందికి ఎక్కణ్ణుంచి తెస్తాం? కాలు కడుక్కోవాలంటే కింద కావలసినన్ని ఉన్నాయి, అందులో పెట్టుకోమనండి." అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు, కాని నిర్ణయం కూడా మార్చలేదు. ఆయన చెప్పిన లెక్కలో తప్పు కనబడలేదు నాకు. తొమ్మిది మందికి రోజుకి రెండు పది లీటర్ల బకెట్ల చొప్పున నూట ఎనభై లీటర్లు. వాళ్ళు తిరిగి రారని, వెళ్ళిన దారి అటువంటిదని, ఆ పూట నాకు తట్టలేదు.

వీధిలో పడవల మీద కుర్రవాళ్ళు తాగేనీళ్ళ సీసాలు పంచుతున్నారు. అతనికి రోజుకి రెండు సీసాలు దొరికేవి, ఒక్కోటి లీటరున్నర. ఒకటి తాగి, రెండోదానిలో సగం పాదం మీద పోసుకునేవాడు. ఆ సంగతి నాతూర్ చెప్పాడు. అతన్ని పడవ ఎక్కించాలని నాతూర్ రెండుసార్లు కేకేశాడు కూడా. పిల్లలున్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ముందు అన్నారట. రెండుసార్లూ పడవ నిండింది.

శుక్రవారం మధ్యాహ్నం నాలుగు ఫ్లాట్లవాళ్ళు అలాగే పడవల్లో బంధువుల ఇళ్ళకి వెళ్ళిపోయారు. నాలుగు వాటాలు రద్దయ్యాయని శనివారం ఉదయం వరుసలో అందరికీ చదివి వినిపించాను. "ఉన్నవాళ్ళకి పంచుతారా?" అని ఒకావిడ అడిగింది. వద్దన్నాను. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, నిల్వలో ఉండనివ్వండి అన్నాను. అప్పుడు వెనకనుంచి క్యాను నేలకి తగిలిన చప్పుడైంది.

అతను వరుస చివర ఉన్నాడు. నిలబడి లేడు. మేడ గుమ్మం దగ్గర కూర్చుని, పాదం ముందుకు చాపి పెట్టాడు. లిఫ్టు లేదు. మొదటి అంతస్తు నుంచి మేడకి నూట ఎనిమిది మెట్లు. వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆన్చి, ఒక్కో మెట్టే ఎక్కాడట. ఖాళీ క్యాను పళ్ళతో పట్టుకున్నాడని నాతూర్ తర్వాత చెప్పాడు. బనీను పచ్చగా, అంచుల దగ్గర నల్లగా ఉంది.

"అమ్మా, పోయినోళ్ళ వాటా ఉన్నది గద. నాలుగిండ్లది. అండ్ల నుంచి నాకు ఒక్క బకెటియ్యుండ్రి. రెండొద్దు."

బంగారు క్షేత్రాల్లో అయితే ఆ మాట చెల్లేది. వదిలేసిన హక్కును పక్కన నిలబడ్డ ఎవడైనా వచ్చి అడగవచ్చు, అందుకే ఆ నియమం పెట్టారు. నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. కాని నేను రాసిన కాగితంలో రద్దయిన వాటా నిల్వకి పోతుందని ఉంది, అడగవచ్చని లేదు. పదిహేడు ఫ్లాట్లవాళ్ళు నావైపు చూస్తున్నారు. అంతకు రెండు నిమిషాల ముందే ఒకావిడకి వద్దని చెప్పాను.

"ఫ్లాటున్నవాళ్ళకే లేదన్నానయ్యా. నీకిస్తే వాళ్ళకేం చెప్పను?"

"వాళ్ళకు కాళ్ళున్నయని చెప్పుండ్రి," అన్నాడు.

ఎవరో పక్కన, "మాటలు మాత్రం బాగానే వస్తున్నాయి," అన్నారు. ఇంజనీరు హిందీలో నాతూర్‌తో, "యల్లా, పద, ఇతన్ని కిందికి తీసుకెళ్ళు," అన్నాడు. ఎక్కినట్టే దిగాడు. దిగడానికి ఎక్కువసేపు పట్టింది.

ఆదివారం వాసన మొదలైంది. మొదటి అంతస్తులో రెండు ఫ్లాట్లవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. తలుపు తీస్తే అన్నం తినలేకపోతున్నామన్నారు. వరండా వాళ్ళ తలుపుల ముందుంది, వాళ్ళు నివాసంలో ఉన్నవాళ్ళు. అతన్ని మెట్ల మలుపులోకి జరగమని చెప్పి పంపాను. మలుపు పదో మెట్టు. నీళ్ళు అప్పటికి అయిదో మెట్టుకి దిగాయి. అయిదు మెట్ల కింద ఆ మురుగు, పైన అతను.

ఆ సాయంత్రం మా అమ్మాయి జగ్గు పట్టుకుని కిందికి వెళ్ళింది. నాకు చెప్పలేదు. ఇంట్లో బకెట్టులో గీత తగ్గడం చూసి నేనే పట్టుకున్నాను. నాలుగు లీటర్లు.

"ఎక్కడికి పోయాయి?"

"నా స్నానం నీళ్ళమ్మా. నేను స్నానం మానేశాను."

"నీ స్నానమైనా ఇంటి వాటాలోదే. ఇవ్వకూడదని రాసింది నేనే."

"నువ్వు రాసిందేగా, దేవుడు రాసింది కాదుగా." జగ్గు బోర్లించి, "అతని కాలు చూశావా నువ్వు? మడమ దాకా నల్లబడింది. వేళ్ళు ముట్టుకుంటే తెలియట్లేదంటున్నాడు. ఆ నాలుగు లీటర్లకి అతను నాకు థాంక్స్ చెప్పాడు," అంది.

సోమవారం ఉదయం మేడమీద, పదకొండో పేరు దగ్గర ఆగి, నా ఫ్లాటు నిబంధన మీరిందని, ఈ రోజు మా వాటా లేదని నేనే చదివాను. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. ఇంకొందరు కొట్టారు. "కూతురని కూడా చూడలేదు, అదీ న్యాయమంటే," అంది 2009 ఫ్లాటు ఆవిడ. అమ్మాయి ఖాళీ క్యాన్లు పట్టుకుని నా ముందు నుంచే దిగిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లకి నాకు సంతోషం కలిగింది. ఉద్యోగంలో ముప్పై నాలుగేళ్ళూ నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రోజు పదకొండున్నరకి పడవలో చోటు దొరికింది. నాతూరూ ఇంకొకతనూ అతన్ని ఎత్తి కూర్చోబెట్టారు. ఒళ్ళు కాలిపోతోందని నాతూర్ అన్నాడు. మంగళవారం, ఏప్రిల్ ఇరవై మూడున, ఆస్పత్రిలో కుడి కాలు మోకాలి కిందికి తీసేశారు.

బుధవారం సాయంత్రం కరెంటు వచ్చింది. గురువారం ఉదయం మళ్ళీ చీపురు కర్ర ముంచి కొలిచాను. పంచింది అయిదు వేల నలభై. మిగలవలసింది నాలుగు వేల అయిదువందల అరవై, కర్ర ప్రకారం నాలుగు వేల అయిదువందలు. అరవై లీటర్ల తేడా తొణికిన దానికి పోయి ఉంటుంది. అతను అడిగింది గురువారం నుంచి సోమవారం వరకు రోజుకి ఇరవై చొప్పున వంద లీటర్లు. మిగిలిన దాంట్లో నలభై అయిదో వంతు. వారం పైగా నిల్వ ఉన్న నీళ్ళు వాడకూడదని శుభ్రం చేసేవాళ్ళు అన్నారు. శనివారం ట్యాంకుల అడుగు బిరడాలు తీసి మొత్తం మేడ మీదికి వదిలేశారు. గొట్టాల్లోంచి వీధిలోకి యాభై నిమిషాలు పారింది. కింద దుకాణంవాళ్ళు ఆ ధారతో బురద కడుక్కున్నారు.

జూన్ ఇరవై రెండు, శనివారం, ఉదయం పదింటికి అతను మా ఇంటికి వచ్చాడు. లిఫ్టు పనిచేస్తోంది. చంకల కింద రెండు కర్రలు. అమ్మాయి కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. అతను వస్తున్నాడని నాతూర్ చెప్పినప్పుడే, తను ఉండలేనని చెప్పింది.

"టైపు చేసే అమ్మ మీరేనని నాతూర్ చెప్పిండు," అన్నాడు. "ఒక కాగితం గావాలె."

గ్యారేజీ ముదీర్ అతని ఫైల్లో, పుండును శుభ్రంగా ఉంచుకోక తన అశ్రద్ధ వల్లే కాలు పోగొట్టుకున్నాడని రాశాడట. అలాగే ఉంటే వీసా రద్దుచేసి ఇంటికి పంపుతారు. అశ్రద్ధ కాదని ఎవరైనా రాసిస్తే, సామాన్ల గదిలో కూర్చుని పానాలు ఇచ్చి పుచ్చుకునే పని ఇస్తామన్నారట. ఊళ్ళో తండ్రి మంచం మీద ఉన్నాడు, ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. ఒంటికాలితో అక్కడ చేసే పనేమీ లేదు.

ఇప్పుడే చెప్పేస్తాను, ఆ కాగితం పనికి రాలేదు. ముదీర్ దాన్ని చదవకుండానే ఫైల్లో పెట్టాడని, జూలై తొమ్మిదిన అతన్ని విమానం ఎక్కించారని నాతూర్ తర్వాత చెప్పాడు. ఆ శనివారం మా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ఇంగ్లీషులో టైపు చేశాను. అయిదు వాక్యాలు. ఏం రాశారని అతను అడిగితే తెలుగులో చదివి చెప్పాను. ఏప్రిల్ పదహారు నుంచి ఇరవై నాలుగు వరకు ఈ భవనంలో పంపు మునిగింది, కరెంటు లేదు, అందువల్ల కడుక్కోవడానికి నీళ్ళు లేవు, పుండును శుభ్రం చేసుకోవడం ఇతని చేతిలో లేదు.

అతను నేలవైపు చూస్తూ విన్నాడు. "ఉండె గదమ్మా," అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ తెర మీద ఆ వాక్యం వెతికాను.

"మీదికొచ్చి చూసిన గద. ఎనిమిది ట్యాంకులు. మీరు క్యాన్లు నింపుతుంటిరి."

"అలాగైతే అది తీసేస్తాను," అన్నాను. "నీళ్ళున్నాయి, ఇవ్వలేదు అని రాస్తాను. ఇవ్వనన్నది నేనేనని నా పేరుతో రాస్తాను."

నిజంగానే రాద్దామనుకున్నాను. ఆ వాక్యం చెరిపేశాను కూడా. అతను తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. నీళ్ళుండంగ కాలు కడుక్కోనిదెవ్వలయ్యా అని నన్నే అంటడు ముదీర్. ఉన్న నీళ్ళు ఇయ్యలేదంటే వాడు నమ్మడు. నేనే నమ్మకపోతుంటి." గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు. "లేకుండెననే రాయుండ్రి."

చెరిపిన వాక్యం మళ్ళీ టైపు చేశాను. అచ్చు తీసి, పేరు, తేదీ వేసి సంతకం పెట్టాను. ముద్ర లేదా అని అడిగాడు, లేదన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేవడానికి చెయ్యి అందించాను. అక్కర్లేదని, కుర్చీ చెయ్యి పట్టుకుని తనే లేచాడు.